జ్వరంలో ఉన్న పురుగుకు ఆకు వేయరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పట్టుపురుగులకు ఉన్న మర్యాద మనుషులకు ఉండేది కాదు. పరిగి దగ్గర పల్లె మాది. మల్బరీ తోట, పురుగుల కొట్టం పోగా మిగిలిన మూలలో మేము సర్దుకునేవాళ్లం. పురుగులు ఆకు మేస్తుంటే జోరువాన చప్పుడు వినిపించేది. మా సీమలో కురవాల్సిన వానంతా ఆ కొట్టంలోనే కురిసిపోయేది.

ఆ ఏడు నాయన నన్ను హిందూపురంలో హాస్టలున్న బడిలో చేర్చాలనుకున్నాడు. అక్కడి సారు పిల్లల్ని ఎదురుగా నిలబెట్టి, ఇంగ్లీషు క్రియలకు భూతకాల రూపాలు అడుగుతాడట. నాయన ముందే తీర్పు చెప్పేశాడు. "సీటు రాలేదంటే ఇంక బడి మాటెత్తాకు మే. ఆకు కోతకు రా."

నాకేమో ప్రతి క్రియకూ 'ఎడ్' అనే తోక తగిలించడం తప్ప ఏమీ రాదు. గో అంటే గోయెడ్, ఈట్ అంటే ఈటెడ్. నాయన గైడు పట్టుకుని, అందులో తెలుగు అక్షరాల్లో ఉన్నది చూసి అడిగేవాడు. పళ్లు తోముకుంటుంటే గో, సంగటి ముద్ద ఎత్తితే ఈట్, పడుకోబోతే స్లీప్. పెనుకొండ కొండెక్కి చూసినా కనబడేంత పొడవు మల్బరీ కట్టె ఆయన చేతిలో. దాన్ని చూస్తే నా గుండె ధర్మవరం మగ్గాలన్నీ ఒక్కసారే ఆడినట్టు కొట్టుకునేది. నిన్న వచ్చిన మాట కూడా ఇవాళ ఎగిరిపోయేది. చివరికి ముద్ద గొంతు దిగడం కూడా మానేసింది.

అప్పుడే పురుగులు జ్వరానికి కూర్చున్నాయి. పాత తోలు విడిచే ముందు అవి మేత మాని, తలెత్తి, కదలకుండా ఉండిపోతాయి. దాన్నే మావాళ్లు జ్వరం అంటారు. అప్పుడు ఆకు వేయకూడదు, ముట్టకూడదు. నాయన కొట్టం ముందు కాపలా కూర్చుని, దారినపోయే కాకిని కూడా గొంతు తగ్గించుకోమనేవాడు. అలా కూర్చునే నన్ను పిలిచి, "గో?" అన్నాడు. నా నోరు పెగల్లేదు. కట్టె లేచింది.

మా తోటలో పనికొచ్చే పక్కింటి అక్క గంప దించింది. పదో తరగతిలో ఇంగ్లీషు తప్పగానే వాళ్ల నాయన ఆమె చదువు మాన్పించాడు.

"ఏం చిన్నాయనా, పురుగులకొచ్చిన జ్వరం కనపడ్తాది గానీ, బిడ్డకొచ్చింది కనపళ్లేదా?"

"దానికేం జ్వరం? రాయి మాదిరి ఉండాది."

"లోపల పురుగులూ అట్లే ఉండాయి కదా. ఈ పొద్దు వాటికి ఆకేస్తివా?"

నాయన కొట్టంలోకి తొంగిచూసి, నా వైపు తిరిగాడు. పరీక్ష తరుముకొస్తోంది, ఆయన భయం ఆయనది. అయినా కట్టెను ఇంటి చూరులో దోపాడు. పురుగులు లేచేదాకా మా ఇంట్లో ఇంగ్లీషు వినబడలేదు.

జ్వరం నుంచి లేచిన పురుగులకు ముందు లేతాకే వేస్తారు, అదీ పలచగా. అక్క ఆకు తరుగుతూ నాకూ అదే కొలతలో మాటలు వేసింది. "గో, వెంట్, గాన్. దీనికి తోక అంటించాకు పాపా, ఇది తోలు మార్చే రకం. ఇది అరగనీ, ఇంగోటి ఇస్తా."

హిందూపురం సారు 'ఈట్' అన్నప్పుడు 'ఈటెడ్' నాలుక చివరిదాకా వచ్చింది. కళ్లు మూసుకుంటే అక్క ఆకు తరిగే చప్పుడు వినిపించింది. ఏట్, ఈటెన్. సీటొచ్చింది.

ఊరు విడిచే ముందు అక్కను అడిగాను, నీ కోసం ఎవరూ ఆగలేదా అని. ఆమె నవ్వింది. "మా నాయనకు పురుగుల్లేవు కదా పాపా."

నాలాంటి వాగుడుకాయ నోరు మూసుకోవడం కన్నా పెనుకొండ కొండను పక్కకు జరపడం సులభం. అయినా ఇప్పటికీ నా ఎదుట ఎవరైనా రాయిలా బిగుసుకుపోతే, ఆకు చేతిలోనే పట్టుకుని ఆగుతాను. ఆగిన ప్రతిసారీ, తన కోసం ఎవరూ ఆగని ఆ పక్కింటి అక్క గుర్తొస్తుంది.