'ఇంకోటి ఉందా' మామయ్య

మా మామయ్యకు ఒకటి అనే అంకె మీద నమ్మకం లేదు. గొడుగులు రెండు, కళ్ళజోళ్ళు రెండు, ప్యాంటుకు బెల్టు పెట్టుకుని లోపల బొందు కూడా కట్టుకునే రకం. ఎవరేం కొని చూపించినా "బాగుంది, ఇంకోటి ఉందా?" అంటాడు. మా చెల్లికి సంబంధం కుదిరిందని చెప్పినప్పుడూ నోరు జారి అదే అడిగాడు.

"నాకొక్కదానికే కాపీ లేదు, బతికిపోయాను," అనేది అత్తయ్య.

"నీకు కాపీ తీస్తే ఇంట్లో చోటు చాలదే," అనేవాడు, ముందుజాగ్రత్తగా గుమ్మం దాటి.

ఆయనది పాటలు రికార్డు చేసే చిన్న గది. అందులో ఒక లినక్స్ కంప్యూటర్, దానికి తగిలించిన ఎక్స్‌టర్నల్ డ్రైవ్. రోజూ భోజనం వేళకు పాటలన్నీ వాటంతటవే డ్రైవ్‌లోకి కాపీ అయ్యేలా స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాము రాసుకున్నాడు. ఒకసారి వైరు ఊడింది. కంప్యూటర్ మాత్రం డ్రైవ్ పేరుతో తనలోనే ఉన్న ఖాళీ ఫోల్డర్‌లోకి నెలంతా శ్రద్ధగా కాపీ చేసుకుంది. ఈ జేబులోది ఆ జేబులో వేసుకుని దాచామనుకున్నట్టు. ఆ సంగతి బయటపడిన రోజు మామయ్య అన్నం ముట్టలేదు. తర్వాత డ్రైవ్ తగలకపోతే కంప్యూటర్ తన గొంతుతోనే అరిచేలా, ఆ అరుపు రికార్డు చేసి పెట్టాడు.

ఆ అరుపు మొదటిసారి మోగింది మా చెల్లి ఆ గదిలో లాలిపాట రికార్డు చేస్తుండగా. చివరి చరణంలో గొంతు పైకి తీసుకెళ్తుండగా భోజనం వేళయింది. "డ్రైవ్ కనపడటం లేదు! డ్రైవ్ కనపడటం లేదు!"

"ఇంకోసారి పాడతావా అమ్మా?" అన్నాడు మామయ్య, ఊడిన వైరు మళ్ళీ తగిలిస్తూ.

"రేపు పాడతాలే మామయ్యా," అంది నవ్వాపుకోలేక.

ఆ రేపు రాలేదు. గొంతులో గడ్డ అన్నారు, ఆపరేషన్ చేశారు. మనిషి దక్కింది, పాట పోయింది. కోలుకున్నాక చెల్లి ఆ గదికి వెళ్ళి, తను పాడినవన్నీ కంప్యూటర్‌లోంచి తన చేత్తోనే చెరిపేసింది. "ఉంటే వినాలనిపిస్తుంది మామయ్యా, వింటే తట్టుకోలేను," అంది బొంగురుగా. ఇంకోటి ఉందని మామయ్య అనలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆ మాట మింగడం అదే మొదలు.

తర్వాత చెల్లికి పాప పుట్టింది. ఫోన్లో ఎవరెవరి పాటలో పెట్టి నిద్రపుచ్చుతూ, తను పెదవులు మాత్రం కదిపేది. ఆ గొంతు కోసం ఇంటిల్లిపాదీ మొహం వాచి ఉన్నాం. ఆ మాట చెల్లి దగ్గర ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు.

ఒక మధ్యాహ్నం నేను మామయ్య గదిలో ఉండగా చెల్లి పాపను చంకనేసుకుని వచ్చింది. చాలాసేపు మైకు వంక చూస్తూ కూర్చుంది. చివరికి మెల్లగా అడిగింది.

"మామయ్యా, ఇంకోటి ఉందా?"

మామయ్య బీరువా తెరిచి, విడిగా దాచిపెట్టిన అప్పటి డ్రైవ్ తీసి కంప్యూటర్‌కు తగిలించాడు. చోటు కలిసొస్తుందని చాలామంది, కంప్యూటర్‌లో చెరిపింది డ్రైవ్‌లోనూ చెరిగిపోయేలా రాసుకుంటారు. ఆయన తన స్క్రిప్టులో ఆ ముక్క ఎన్నడూ రాయలేదు.

"నువ్వు అడిగేదాకా ఉంటుందిలే అనుకున్నానమ్మా," అన్నాడు.

లాలిపాట మొదలైంది. పాప అమ్మ ముఖం వంక, స్పీకరు వంక మార్చి మార్చి చూసింది. చెల్లి కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి వింటోంది. చివరి చరణం వచ్చింది. "డ్రైవ్ కనపడటం లేదు!" పాప ఉలిక్కిపడి, కిలకిలా నవ్వింది.

మామయ్య తల గోక్కున్నాడు. "ఆ అరుపొక్కటీ చెరిపేయనా అమ్మా?"

చెరిపేస్తానన్న మాట ఆయన నోట నేను అంతకుముందు వినలేదు.

"వద్దు మామయ్యా, ఉండనీ," అంది చెల్లి. "పాప నిద్రపోలేదు, మళ్ళీ పెట్టు."