కూర్చున్నా నడిచానన్న వాచీ

నా చేతి వాచీ మూడు నెలల పాటు నా గురించి గొప్పగా చెప్పింది. దాన్ని నమ్మినందుకు మా ఇంట్లో నాకు దొంగతిండి మనిషినని పేరొచ్చింది.

షుగరు ఎక్కువైందని గుంటూరులో డాక్టరుగారు రోజుకి ఆరు వేల అడుగులు నడవమన్నారు. మూడు నెలల్లో దిగకపోతే మాత్రలు చాలవు, ఇంజెక్షన్లే అన్నారు. ఆ వారమే మా కోడలు అడుగులు లెక్కపెట్టే వాచీ కొనుక్కొచ్చి నా చేతికి కట్టింది. కోడలంటే మా అన్న కూతురే. అంగన్‌వాడీలో పని చేస్తుంది. అక్కడ పిల్లల బరువులు చూసినట్టే రోజూ సాయంత్రం ఫోనులో నా అడుగులు చూసేది. నేను యాభై దాటాక, చర్చిలో వాక్యం చదవాలని అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అంకెలు మాత్రం అంతకు ముందే వచ్చు. అందుకని వాచీలో ఎంతైందో ఎవర్నీ అడిగే పని లేదు. ఎడం చేతికి పట్టీ ఒరుసుకుంటోందని కుడి చేతికి మార్చుకున్నాను.

మిరపకాయలు కల్లాలకి చేరిన రోజులవి. ఎండిన కాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరి వేరే కుప్ప పెట్టాలి. పొద్దున పట్టా మీద కూర్చుంటే మళ్ళీ సాయంత్రమే లేవడం. ఒకళ్ళ కల్లం అయితే ఇంకొకళ్ళ కల్లం. ఇంటికొచ్చేసరికి వాచీలో ఏడు వేలు, ఒక్కోరోజు ఎనిమిది వేలు. ఇంటికీ కల్లానికీ తిరిగితే ఇంత నడకా అనుకున్నానే గానీ అనుమానం రాలేదు. మనల్ని మెచ్చుకునేదాన్ని ఎవరు అనుమానిస్తారు? పైగా కల్లంలో ఆడవాళ్ళకి, నన్ను చూసి నేర్చుకోండే అని చెప్పేదాన్ని కూడా.

మూడు నెలలకి రక్తపరీక్ష చేయిస్తే షుగరు దిగకపోగా కాస్త పెరిగింది. డాక్టరుగారు కాగితం చూశారు, ఫోనులో నా అడుగులు చూశారు. నడక బాగానే ఉంది, మరి తిండి సంగతేంటమ్మా అన్నారు. ఆయన మామూలుగానే అడిగారు. మా కోడలే నా వైపు తిరిగి, "నాకు తెలియకుండా ఏం తింటున్నావత్తా?" అంది, వరండాలో అంతమంది వింటుండగా. పది రోజులాగి రండి, ఇంజెక్షను మొదలుపెడదామన్నారాయన.

ఆ మూడు నెలలూ నేను పొద్దున రాగిజావ, రాత్రి గోధుమరవ్వ తప్ప ఎరగను. చెబితే ఎవరు వింటారు? నడక కనపడుతోంది, షుగరు కనపడుతోంది. ఇక మిగిలింది నా నోరే. ఆదివారం చర్చిలో ఎవరిదో పుట్టినరోజని కేకు పంచారు. కోడలు ముందే చెప్పి ఉంచినట్టుంది, పాస్టరమ్మగారు పళ్ళెం పట్టుకుని నన్ను దాటి పక్క మనిషి దగ్గరికి వెళ్ళారు. ఇచ్చినా తినేదాన్ని కాదు. అయినా తల ఎత్తలేకపోయాను.

ఆ తర్వాత రెండో రోజు, కల్లంలో మంచినీళ్ళు తాగి కూర్చుంటూ వాచీ చూశాను. రెండు వేల చిల్లర. కాసేపు కాయలు ఏరి మళ్ళీ చూస్తే మూడు వందలు పెరిగింది. పక్కన మా వీధి వదిన ఏరుతోంది. నేనేమైనా లేచానా అని అడిగాను.

"లేస్తే తెలీదా? నీ మోకాళ్ళు ఊరంతటికీ చెబుతాయిగా," అంది వదిన.

కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడం చేత్తో ఏరాను. అంకె కదల్లేదు. మళ్ళీ కుడి చేత్తో ఏరితే కదిలింది. చెయ్యి కాయ దాకా పోయి రావడాన్ని అది అడుగనుకుంటోంది. నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఇంకా ఏమేం చేస్తుందో చూడాలనిపించింది.

సగం నిండిన గోతం నెత్తిన పెట్టించుకుని, కుడి చెయ్యి పైకెత్తి పట్టుకుని, పైకే లెక్కపెడుతూ వంద అడుగులు నడిచాను. వాచీలో పెరిగింది పదకొండు. గోతం దించి, ఉత్త చేతులూపుకుంటూ వంద నడిచాను. తొంభై ఏడు. ఇంకోసారి నడిస్తే నూట రెండు. అదే చేత్తో నీళ్ళ బకెట్టు పట్టుకుంటే అరవై దగ్గర ఆగింది. వదిన ఏరడం మానేసి, దానికి నీ కాళ్ళు తెలియవే, చెయ్యి ఒక్కటే తెలుసు అంది. నిజమే. కట్టింది చేతికి. కాలి సంగతి చేతిని అడిగి చెబుతోంది. మోస్తే నా చెయ్యి నెత్తి మీద ఉంటుంది, కూర్చుంటే కాయల మీద ఆడుతుంది. బరువు మోస్తే నన్ను సోమరిని చేస్తుంది, కూర్చుంటే మెచ్చుకుంటుంది.

మర్నాడు వాచీ పక్కన పెట్టేసి, వంద అడుగులకో తాలుకాయ కొంగున వేసుకుంటూ తిరిగాను. సాయంత్రం లెక్క చూస్తే పదిహేడు కాయలు. అంటే రెండు వేలు కూడా నడవడం లేదు.

ఇది చెబితే తిండి నింద పోతుంది. కానీ మూడు నెలలు నడవని మనిషినని ఒప్పుకోవాలి. నన్ను చూసి నేర్చుకోండే అన్న నోటితోనే చెప్పాలి. ఆ సాయంత్రం కోడలు ఇంట్లోకి రాగానే చెప్పాను.

"నేను తినలేదు. నడవనూ లేదు."

ఆమె నమ్మలేదు. వాచీ తెచ్చి తన కుడి చేతికి కట్టాను, చేటలో కాయలు పోసి ముందు పెట్టాను. అరుగు మీద కదలకుండా కూర్చుని ఏరింది. పావుగంటకి వాచీ చూసుకుంది. ఇంకో పావుగంట ఏరి మళ్ళీ చూసుకుంది. చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది.

పదో రోజు డాక్టరుగారికి నేనే చెప్పాను. నెత్తిన గోతం లెక్క రెండుసార్లు చెప్పించుకున్నారు. ఇంజెక్షను ఇంకో నెల ఆపుదాం, కల్లంలో వాచీ తీసేయండి, గడియారం చూసుకుని ఉత్త చేతులతో నలభై నిమిషాలు నడవండి అన్నారు. నెలకి షుగరు దిగకపోతే ఇక ఏ సాకూ వద్దన్నారు.

తిరుగు బస్సులో కోడలు కిటికీ పక్కన కూర్చుంది.

"ఆ రోజు అలా అన్నానని ఏమనుకోకత్తా," అంది.

"అనుకున్నాను. పది రోజులూ అనుకున్నాను," అన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. అయినా లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి?

నల్లపాడు దాటాం. రోడ్డు గుంతలో పడి బస్సు ఎగిరింది. కోడలు వాచీ ఉన్న నా మణికట్టు పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఈ కుదుపు కూడా లెక్కేస్తుందంటావా?" అంది.

తెలీదన్నాను. ఇద్దరం వాచీ మీదికి వంగి ఇంకో గుంత కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.