నది దాటించిన పిల్లి

మా ఆడబిడ్డ నా పిల్లిని గోనెసంచిలో కట్టి కృష్ణ దాటించింది. అందుకు నేనేం చేశానో చెప్తాను. క్షమాపణ అడగడానికి కాదు. ఇప్పుడైనా సరే, మళ్లీ అదే చేస్తాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. గద్వాలలో మా అత్తగారింట్లో రెండు గుంత మగ్గాలుండేవి. ఒకదాని మీద మా ఆయన కూర్చునేవాడు, రెండోదాని మీద కూలి మనిషి. నేను రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుట్టేదాన్ని. అత్తామామలు లేరు. ఇంటి పెత్తనమంతా మా ఆయన అక్కది, నేను వదినె అని పిలిచే ఆ ఆడబిడ్డది. భర్త పోయాక పుట్టింటికి వచ్చి తమ్ముణ్ని తల్లిలా పెంచిందట. ఆ మాట ఇంట్లో రోజూ వినపడేది, కూరలో ఉప్పు ఎక్కువైందని నన్ను తిట్టేటప్పుడు కూడా.

పడుగుకు, అంటే చీర నిలువు పోగులకు, గంజి పెడతాం కదా, ఆ వాసనకు ఎలుకలొస్తాయి. నాలుగు పోగులు కొరికాయంటే చీర పోయినట్టే. అందుకే మగ్గాల ఇండ్లలో పిల్లి ఉంటుంది. మాది పసుపూ తెలుపూ కలిసిన ఆడపిల్లి. నేను కాపురానికి వచ్చిన ఏడాదే అదీ మగ్గం గుంతలోకి వచ్చి చేరింది. కండెలు చుట్టేటప్పుడు నా ఒళ్లో పడుకునేది. ఆ ఇంట్లో నాకు పని చెప్పని ప్రాణి అదొక్కటే.

ఒక ఎండాకాలం అది తల విదిలించడం మొదలుపెట్టింది. ఎడమ చెవిలోంచి చీము వాసన. వదినె చూసి, "చెవిపోటు గది. ఎల్లిపాయ నూనె పోస్తె పోతది," అన్నది. మా దగ్గర మనిషికైనా పశువుకైనా చెవి నొస్తే అదే మందు, వెల్లుల్లి కాచిన నూనె గోరువెచ్చగా పోస్తారు. గోరువెచ్చగా అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమె పొయ్యి మీంచి దించిన గిన్నెలోంచే పోసింది. పిల్లి అరిచిన అరుపుకు మా ఆయన మగ్గం ఆపి పరుగెత్తుకొచ్చాడు. మరునాటికి దాని తల ఒక పక్కకు వాలిపోయింది. నడవబోతే గుండ్రంగా తిరిగి గోడకు తగిలి పడిపోయేది.

"జర మంట పుడితెనే లోపటి పురుగు సస్తది," అన్నది వదినె. ఆ మాట కడుపులో పెట్టుకున్నాను.

పిల్లిని బుట్టలో పెట్టి, పైన పాత చీర కట్టి, పుట్టింటికి పోతున్నానని చెప్పి బస్సెక్కాను. మాది తెలకపల్లి. నాగర్‌కర్నూలులో మంచి పశువుల డాక్టరు ఉన్నాడని అమ్మ చెప్పింది. ఎద్దులకూ బర్రెలకూ చూసే ఆయన దగ్గరికి పిల్లిని తెచ్చానని అక్కడున్న రైతులు నవ్వారు. ఆయన నవ్వలేదు. టార్చిలైటు వేసి చెవిలోకి చాలాసేపు చూశాడు.

"లోపట కండ పెరిగిందమ్మా. పాలిప్ అంటరు. దాని మొదలు చెవి పొర ఎనక ఉంటది. నూనెకు పోయేది కాదు. ఎవరు పోసిన్రు నూనె?"

"మా ఆడబిడ్డ."

"ఆమె చెవిల పోసుకొమ్మను ఒకసారి," అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన నాకు దేవుడైపోయాడు.

మత్తు సూది ఇచ్చి, సన్నటి పటకారుతో ఆ కండను పట్టుకుని మెల్లగా మెలితిప్పుతూ లాగాడు. మధ్యలో తెగితే మొదలు లోపలే ఉండి మళ్లీ పెరుగుతుందట. నేను పిల్లి కాళ్లు పట్టుకున్నాను. చివరికి మొదలుతో సహా ఊడి వచ్చింది, నానబెట్టిన శనగగింజంత, ఎర్రగా. తల వాలడం కొన్ని వారాలు ఉంటుందని, ఆ పక్క కంటికి తెల్లపొర అడ్డం వచ్చినా భయపడొద్దని చెప్పాడు. చెవి మాత్రం వినపడకపోవచ్చన్నాడు. మందులు రాసిచ్చి, "చెవి గోకనియ్యకు. మెడకు గరాట లెక్క ఏదన్న కట్టు. పాత ఎక్స్‌రే ఫిలిం ఉంటె మంచిగ పనికొస్తది," అన్నాడు.

ఎక్స్‌రే ఫిలిం మా ఇంట్లో ఉంది. వదినె మోకాలిది. కర్నూలులో తీయించుకుని, పెట్టెలో పట్టుచీర కింద దాచి, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ కిటికీ వెలుతురులో ఎత్తి చూపేది. "సూడు, గీ బొక్క గిట్ల అరిగింది," అని వేలితో గీత గీసి మరీ చెప్పేది. చుట్టాల పెండ్లి ఫోటోలు కూడా అంత ఓపికగా చూపేది కాదు. నేను గద్వాల చేరిన రోజే, ఆమె గుడికి పోయిన సందు చూసి పెట్టె తీశాను. ఆ ఫిలింను కత్తెరతో గుండ్రంగా కోసి, అంచుకు గుడ్డపేలిక కుట్టి పిల్లి మెడకు కట్టాను. నల్లటి గరాటులో పసుపు ముఖం, పక్కన తెల్లగా మోకాలి చిప్ప. వేరే ఫిలిం దొరికేది కాదా అంటే, వీధిలో ఏ ఇంట్లో అడిగినా దొరికేది. నాకు అదే కావాలి.

కొన్నాళ్లకు ఎవరో చుట్టపామె వస్తే వదినె పెట్టె తీసింది. ఫిలిం లేదు. సరిగ్గా అప్పుడే పిల్లి గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి వాకిట్లో ఎండకు కూర్చుంది. వదినె తన మోకాలిని గుర్తుపట్టింది. చుట్టపామె పడీపడీ నవ్వింది. వదినె మాత్రం పెట్టె మూసి తాళం వేసింది. తిట్టకుండా ఊరుకున్నప్పుడే నేను జాగ్రత్త పడవలసింది.

పిల్లి అప్పుడప్పుడే కుదుటపడుతోంది. తిరగడం తగ్గింది, పాలగిన్నె దగ్గరికి తిన్నగా పోగలుగుతోంది. ఒక పొద్దున నేనూ మా ఆయనా వీధిలో పడుగు సాగదీసి గంజి పెడుతుంటే, వదినె మోకాళ్ల సూదికి వనపర్తి బయలుదేరింది. దూరం నుంచి చేతిలో గోనెసంచి ఒకటి కనపడింది, లోపలేముందో చూడలేదు. బియ్యమో జొన్నలో తెస్తుందనుకున్నాను. సాయంత్రం ఉత్త చేతులతో వచ్చింది. ఇల్లంతా వెతికినా పిల్లి లేదు.

మా వైపు ఒక నమ్మకం ఉంది. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమిస్తే తప్ప ఆ పాపం పోదు. వద్దనుకున్న పిల్లిని సంచిలో కట్టి నది దాటించాలి. నీళ్లు దాటిన పిల్లి తిరిగి రాదు, పాపమూ వెంట రాదు. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, మధ్యలో మేము. ఏ పక్కకు పోయినా ఒక నది తయారుగా ఉంటుంది.

"ఏడ ఇడిసినవ్ వదినె?"

"బీచుపల్లి వంతెన అవతల. సంపలే కద. ఇగ దాని నసీబు," అని కాళ్లు చాపుకుని కూర్చుంది.

మరునాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వంతెన అవతల దిగాను. రోడ్డు వెంట కనిపించిన వాళ్లనల్లా అడిగాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. పెబ్బేరు దారిలో చిన్న చాయ హోటలు దగ్గర ఆగి అడిగితే, పొయ్యి ముందున్న సాయిబు, "మెడల బొక్కల ఫోటో ఉన్న బిల్లీనా?" అన్నాడు. అట్లాంటి పిల్లిని ఒకసారి చూసినవాళ్లు ఎట్లా మర్చిపోతారు.

వెనక ఇంట్లోంచి ఆయన భార్య దాన్ని తువాలులో చుట్టి తెచ్చింది. "పానం బాగలేదు దీనికి. జర జర పాలు తాగిచ్చిన. ఎవరమ్మా గిట్ల ఇడిసిపెట్టింది? మూగజీవిని పరేషాన్ చేస్తె అల్లా ఊకుంటడా?" అన్నది. ఆమె ముందే నేను ఏడ్చాను. గరాటు ఒక పక్క చినిగిపోయింది. సంచిలో గింజుకుందేమో, చెవి రక్తమై, మళ్లీ చీము పట్టింది.

అక్కణ్నుంచి వనపర్తి, వనపర్తి నుంచి నాగర్‌కర్నూలు. డాక్టరు చెవి కడిగి, మందు మార్చి, ఇంకా ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు. పిల్లిని తెలకపల్లిలో అమ్మ దగ్గర వదిలి తిరుగు బస్సెక్కాను. వంతెన మీదికి రాగానే బస్సులో వాళ్లు కృష్ణమ్మకు దండాలు పెట్టారు. నేనూ పెట్టాను. ఏం చెయ్యాలో అప్పుడే అనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి వదినె బియ్యం చెరుగుతోంది. "దొరికిందా?" అన్నది తలెత్తకుండా.

"దొరికింది. రోడ్డు పక్కన సచ్చి పడున్నది. చెవిలకెల్లి రక్తం. నేనే గుంత తీసి పెట్టొచ్చిన."

చాట చేతిలోంచి జారింది. ఒలికిన బియ్యం ఎత్తుకుంటూ, "నది దాటినంక సస్తె పాపం రాదు కద పిల్లా?" అన్నది.

"నాకేం తెల్వదు వదినె. గుడి అయ్యగారిని అడుగు."

అడిగింది. బంగారు పిల్లి అన్నాడు ఆయన. అంత బంగారం ఎక్కడిది? వెండితో వేలిగోరంత పిల్లిని చేయించి దానమిచ్చింది. వెండి కాబట్టి పాపం పూర్తిగా పోలేదని తనే అనుకుంది. శనివారాలు ఒక్కపొద్దులు మొదలుపెట్టింది. వీధి పిల్లులన్నిటికీ పాలు పోసేది. ఎక్కడన్నా పిల్లి అరిస్తే చెవులు మూసుకునేది. మనిషి సగమైపోయింది. పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు. పిల్లి తరఫున నేను పెట్టిన శాపానికి తెగాయి. నాకు ఆ రోజుల్లో అన్నం సయించేది, నిద్ర పట్టేది.

మా ఆయనకు మాత్రం నిజం చెప్పాను. "అక్క సచ్చిపోతదే, చెప్పరాదు," అని బతిమాలాడు. "నువ్వే చెప్పు పో," అన్నాను. తమ్ముడి చేత ఆ మాట చెప్పించుకుంటే ఆమె ముందు నన్ను తిడుతుంది, తరవాత ఆయనను తిడుతుంది. ఆ రెండోదానికి ఆయన భయపడతాడని నాకు తెలుసు.

తెలకపల్లిలో పిల్లి కోలుకుంది. కంటి పొర పోయింది, తల దాదాపు నిటారుగా నిలిచింది. ఎడమ పక్కనుంచి పిలిస్తే వినపడదు, అంతే. కండ మళ్లీ పెరగలేదు. పల్లికాయ కుప్పల్లో ఎలుకలు పట్టేది. నేను పోయినప్పుడల్లా దాన్ని ఒళ్లో పెట్టుకుని, గద్వాలలో ఆమె ఎట్లా చిక్కిపోతోందో పూస గుచ్చినట్టు చెప్పేదాన్ని.

తరవాత నాకు కానుపైంది, పుట్టింట్లోనే. మాలో ఇరవయ్యొకటో దినం తొట్టెల, అంటే బిడ్డను ఉయ్యాలలో వేసే వేడుక, చేస్తాం. బిడ్డ చెవిలో మేనత్తే పేరు చెప్పాలి. ఆ మోకాళ్లతో అంత దూరం ఏం వస్తుందిలే, ఫోనులో చెప్తుంది అనుకున్నాను. వచ్చింది. బస్సులు మారుకుంటూ, చేతిలో వెండి మొలతాడుతో వచ్చింది.

కాళ్లు కడుక్కుని తొట్టెల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తొట్టెల కింద పిల్లి పడుకుని ఉంది. తల కొంచెం వంచి ఆమెను చూసింది. నాకు భయమూ అయింది, లోపల సంతోషమూ అయింది. తిట్టు, పది మందిలో నన్ను తిట్టు, అప్పుడు నేను నూనె సంగతీ సంచి సంగతీ నీ చుట్టాలందరి ముందే విప్పుతాను అని మాటలన్నీ నాలుక మీదికి తెచ్చుకున్నాను.

ఆమె తిట్టలేదు. మడవరాని మోకాళ్లతోనే నేల మీద కూలబడింది. "బతికున్నవా తల్లీ," అన్నది. సంచిలో కుక్కిన ఆ చేతినే పిల్లి వాసన చూసి, తల ఆనించి రుద్దింది. నా ఉప్పు తిన్న పిల్లి. ఆమె వెక్కి వెక్కి ఏడ్చి, నావైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"నా గుండె మీది బండ దిగింది పిల్లా. ఇగ నిద్ర పోత," అన్నది.

అబద్ధం ఎందుకాడినవని అడుగుతుందని చూశాను. అడగలేదు. బిడ్డ చెవిలో పేరు చెప్పి, పిల్లిని ఒళ్లో పెట్టుకుని, ఇంకోసారి పెట్టించుకుని మరీ అన్నం తిన్నది. అది చూస్తూ నేను ఏడుస్తుంటే, పచ్చి బాలింతవు ఏడవకూడదని అమ్మ కోప్పడింది. నా పిల్లిని నది దాటించిన రోజు కూడా నేను అంత కడుపు మండి ఏడవలేదు.