గురువారం సాక్ష్యాలు

మానసిక వైద్యశాలలో నా ఉద్యోగానికి అసలు అర్హత, ఒకప్పుడు నాకు మనసు బాగా చెడటం. ఇలా చెబితే బంధువులు మొహం మాడ్చుకుంటారు గానీ నిజమదే. జబ్బు పడి తేరుకున్నవాళ్లం, ఇప్పుడు జబ్బుతో ఉన్నవాళ్ల పక్కన కూర్చుని మాట్లాడతాం. మమ్మల్ని పీర్ వర్కర్లంటారు. బెంగాల్లో మేముండే లిలువా రైల్వే క్వార్టర్లలో మా అమ్మ మాత్రం "ఆసుపత్రిలో పని" అనేసి మాట మార్చేస్తుంది.

ప్రతి గురువారం మా పని చూసే పెద్దావిడతో కాసేపు కూర్చోవాలి. బెంగాలీ ఆవిడ, అందరికీ దిది, అంటే అక్క. తనిఖీ లాంటిదేమీ ఉండదు. ఆ వారం ఎవరితో ఏం మాట్లాడాను, అప్పుడు నాలో ఏమైంది అని అడిగి, ఆపైన నోరు మూసుకుని కూర్చుంటుంది. ఆ మౌనంతోనే నాకు ప్రాణసంకటం.

నేను చర్చిలో పెరిగినదాన్ని. సాక్ష్యం చెప్పడం మాకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. ఆదివారం లేచి నిలబడి, పడ్డ కష్టం చెప్పి, కాస్త గొంతు వణికించి, దేవుడు గట్టెక్కించాడని ముగించి, అందరిచేతా ఆమెన్ అనిపించుకుని కూర్చోవాలి. గట్టెక్కకముందే లేచి సాక్ష్యం చెప్పినవాళ్లను నేనైతే చూడలేదు. మధ్యలో ఆపేస్తే పాస్టరుగారే కంగారుపడతారు.

దిదికీ అలాంటి సాక్ష్యాలే వినిపించేదాన్ని. ఒకావిడ ఏడుస్తూ వచ్చింది, నేను ధైర్యం చెప్పాను, నవ్వుతూ వెళ్లింది. దిది మట్టికప్పులో టీ ఊదుకుంటూ, "ఆవిడ సంగతి సరే, నువ్వెలా ఉన్నావు?" అనేది.

"నాకేం దిదీ, ఫస్ట్‌క్లాస్!"

ఈ మధ్య నాకు మళ్లీ నిద్ర పట్టడం మానేసింది. మొదటిసారి జబ్బు వచ్చిందీ ఇలాగే. జబ్బు కంటే ఉద్యోగం గురించే ఎక్కువ భయపడ్డాను. బాగుపడ్డానని ఇచ్చిన ఉద్యోగం, బాగాలేనంటే ఉంచుతారా?

"ఆ దిదికి సెప్పకే, తీసేత్తారు!" అంది అమ్మ. దాచడంలో ఆవిడ ఆరితేరింది. మొదటిసారి జబ్బు పడ్డప్పుడు నాకు పచ్చకామెర్లని కాలనీ అంతా నమ్మించింది. ఇరుగమ్మా పొరుగమ్మా తెచ్చిన చెరకురసాలూ చేదు కషాయాలూ నేను నోరెత్తకుండా తాగాను.

ఆ గురువారం నా సాక్ష్యాన్ని మెయిల్ రైలులా పరుగెత్తించాను. ఒకతను వచ్చాడు, దిగులుగా ఉన్నాడు, నేను ధైర్యం చెప్పాను, అతను... అక్కడ ఆగిపోయింది. అతను నవ్వాడో లేదో నాకు గుర్తులేదు. అసలు అతను చెప్పింది విన్నానో లేదో కూడా గుర్తులేదు. ఆమెన్ అనడానికి గదిలో ఇంకెవరూ లేరు.

"నిద్ర పట్టడం లేదు దిదీ. నన్ను తీసేస్తారా?"

దిది కప్పు పక్కన పెట్టింది. "నాకు జ్వరమొస్తే నన్ను తీసేస్తారా? రేపు పనికి రాకు, డాక్టరుకు చూపించుకో. నీ దగ్గరికొచ్చేవాళ్లను నేను చూసుకుంటాను. తగ్గాక వచ్చి నీ కుర్చీలో నువ్వే కూర్చో." నవ్వింది. "నువ్వు ఫస్ట్‌క్లాస్ అన్నప్పుడల్లా నాకు గుండె దడగా ఉండేది."

ఏడ్చాను. సినిమా ఏడుపు కాదు, ముక్కు కారే ఏడుపు. ఎంత హాయిగా ఉందో!

ఇంటికెళ్లి చెబితే అమ్మ కంచాలు చప్పుడు చేస్తూ సణిగింది. తీరా పొద్దున చూస్తే చర్చి చీర కట్టుకుని, నాకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. లోకల్ రైలులో కిటికీ బయటికే చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చున్నామో లేదో, మా కాలనీ ఆవిడే ఒకామె ఎదురైంది. ఏం చెబుతుందోనని అమ్మ మొహంలోకి చూశాను.

"ఏటి పిన్నీ, ఇలాగొచ్చేరు?"

"మా పిల్లకి మనసు బాగోలేదే. సూపిద్దారని వచ్చేం," అంది అమ్మ. సంచీ ఒళ్లోకి తీసుకుని ఆమెకు చోటిచ్చింది. "రా, కూకో. నువ్వెందుకొచ్చేవు?"