పందొమ్మిది మంది తేన్పుల సగటు

బిజలి సమాద్దార్ చూడకుండా మా పత్రికలో ఒక్క పట్టిక కూడా అచ్చుకు పోదు. కలకత్తా డాక్టర్ల సంఘం ఒకటి మూణ్ణెల్లకోసారి వేసే పరిశోధన పత్రిక ఇది. ఆవిడ డాక్టరు కాదు. భద్రేశ్వర్‌లో ఒక జనపనార మిల్లులో ఇరవై ఎనిమిదేళ్లు గోనెసంచులు తూచి రిటైరయ్యారు. ప్రతి ఇరవయ్యో సంచీ తీసి తూచాలి. పల్చటి సంచులను ఫోర్‌మన్ ముందే వెనక్కి తోసేసేవాడు. వాటిని వెతికి బయటికి లాగడమే ఆవిడ చదివిన చదువు.

డాక్టర్లకు ఆవిడంటే బెదురు. ఆసుపత్రి రోజుల పట్టిక ఒకదాని పక్కన, "ఇందులో ఒకాయన చేరకముందే ఇంటికెళ్లాడు, కనుక్కోండి" అని రాసిన మనిషి.

కిందటి శ్రావణంలో డాక్టర్ అంశుమాన్ ఘటక్ వ్యాసం వచ్చింది. విషయం పులితేన్పులు, అంటే ఈ ఊళ్లో అందరి జబ్బు. పందొమ్మిది మందికి కొత్త మాత్ర ఇచ్చి, ముందొక రోజు, నెల తర్వాతొక రోజు తేన్పులు లెక్కపెట్టించాడు. సగటు 5.68 నుంచి 4.41కి దిగిందట. శుక్రవారం సంచిక ప్రెస్సుకు వెళ్తుంది. ఆ పై వారం ఘటక్‌కు ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ. అచ్చయిన వ్యాసాలు రెండు చూపాలి, ఆయన చేతిలో ఉన్నది ఒకటే.

బుధవారం బిజలి ఆయన్ను పిలిపించారు.

"డాక్టర్‌బాబూ, సగం తేన్పు ఎవరైనా తేన్చారా?"

లేదన్నాడు. అయితే మొత్తం పూర్తి అంకే కావాలి కదా అన్నారావిడ. ఎనభై మూడు తేన్పులను పందొమ్మిది మందికి పంచితే 4.37. ఎనభై నాలుగైతే 4.42. మధ్యలో 4.41 వచ్చే దారే లేదు. కంప్యూటరు ఏదో సవరించి ఉంటుందని ఘటక్ నసిగాడు. ఆవిడ అప్పటికే మందిని ఒక్కొక్కరినీ తగ్గించి లెక్క వేసి చూశారు. డెబ్భై ఐదు తేన్పులు, పదిహేడు మంది అయితే సరిగ్గా కుదిరింది.

"మిగతా ఇద్దరూ ఏరి?"

ఘటక్ ఒప్పుకున్నాడు. వాళ్లిద్దరూ రోజూ సాయంత్రం బండి దగ్గర వంకాయ బజ్జీలు తింటూ దొరికారట. అందుకని తీసేశాడట.

"కలకత్తాలో బజ్జీలు తినేవాళ్లను తీసేస్తే ఇక మాత్ర ఎవరికిస్తారు బాబూ?"

మిగతా పదిహేడు మంది ఏం తిన్నారో అడిగారా అంటే, అడగలేదు.

"ఇద్దరి తేన్పుల కోసం నా పదవి పోగొడతారా దిదీ?"

"వాళ్లనూ వేసుకుని రండి. పదవి సంగతి నాకు తెలియదు, వ్యాసం మాత్రం అచ్చవుతుంది."

వేరే దారి లేక మర్నాడు కేసుషీట్లు తెచ్చాడు. ఆ ఇద్దరివీ పద్నాలుగు, పదిహేడు తేన్పులు. డెబ్భై ఐదుకు కలిపితే నూట ఆరు, సగటు 5.58. మాత్ర నెల్లాళ్లు కష్టపడి తగ్గించింది రోజుకు తేన్పులో పదో వంతు. శీర్షికలోని "అద్భుత ఉపశమనం" కొట్టేసి, "తేడా కనిపించలేదు" అని బిజలి రాశారు. ఘటక్ కింద సంతకం పెట్టాడు.

ఇంటర్వ్యూలో కమిటీ వాళ్లు వ్యాసాలు లెక్కపెట్టారు. రెండున్నాయి. ఒక పెద్దాయన మాత్రం ఆ పట్టికను రెండుసార్లు చదివాడట. ఆయన జేబులో అదే మాత్ర ఉందని తర్వాత తెలిసింది. పదవి వచ్చింది.

కొత్త ప్రొఫెసర్ సందేశ్ మిఠాయి డబ్బాతో మా ఆఫీసుకు వచ్చాడు. బిజలి ఒకటి తీసుకుని, ఆ ఇద్దరికీ ఇప్పుడెలా ఉందని అడిగారు.

"మందు మార్చాను దిదీ."

"ఎప్పుడు?"

ఘటక్ డబ్బాకు మూత పెడుతూ, నిన్న అన్నాడు.