మర్చిపోయి తిన్న ముంజలు

ఆ రోజుల్లో నా బుర్ర కంటే నా చేతులే చురుగ్గా ఉండేవనుకుంటాను. లేకపోతే నడి ఎండాకాలంలో, ఉపవాసమని పొద్దున్నుంచి చుక్క నీళ్లు ముట్టని మనిషి, ఇంకాస్త ఓపిక పడితే ఒడ్డెక్కుతాడనగా, అరుగు మీద కూర్చుని తాటి ముంజలు ఒకదాని వెనక ఒకటి మింగడం ఎలా జరుగుతుంది? సాయంత్రపు అసర్ నమాజు ముగించుకుని ఇంట్లోకి వస్తున్న చాచా, ఉబ్బిన నా బుగ్గను చూసి గేటు దగ్గరే నిలబడిపోయాడు. "బేటా, నువ్వియ్యాల రోజా ఉన్నవ్ కదా" అన్నాడు మెల్లగా. ముంజ సంగతి తెలిసిందే, నోట్లో ఒక చోట నిలవదు. ఉమ్మేద్దామని నేను వంగేలోగా అది జారి లోపలికి వెళ్లిపోయింది.

చాచా అంటే ములకలపల్లిలో నాకు గది కిరాయికిచ్చిన ఇంటి పెద్ద. వృత్తి టైలరు. నేను వేంసూరు వైపు రైతు కుటుంబం నుంచి వచ్చి, పేపరుకు మండల విలేకరిగా కొత్తగా చేరినవాణ్ణి. తునికాకు కూలీ రేట్లూ కరెంటు కోతలూ రాసుకుంటూ ఉండగా రంజాన్ నెల వచ్చింది. జిల్లా పేజీకి ప్రత్యేక కథనం పంపమన్నారు. నెలవంక గురించీ దానధర్మాల గురించీ బాగానే రాసి, మధ్యలో 'ఉపవాస దీక్షలో ఉన్నవారు పగలంతా పాలు, పండ్లతో సరిపెట్టుకుంటారు' అని ఒక వాక్యం చేర్చాను. ఎవరినీ అడగలేదు. అడగాల్సిన విషయమని తోచనే లేదు. (మా అమ్మ ఏకాదశికి అలాగే ఉంటుంది. ఉపవాసమంటే లోకమంతా మా వంటింట్లో లాగే జరుగుతుందనుకున్నాను.)

అది అచ్చయిన రోజున చాచా మిషను తొక్కుతూనే, మీ పేపర్ల పాలు తాగొచ్చని రాసినవంట గదా అని మొదలుపెట్టి, "గీ ముచ్చట ముందుగాల్నే చెప్తే అయిపోతుండె. చిన్నప్పటి సంది ఉత్తగనే ఎండుతున్నం" అన్నాడు. మసీదు నుంచి వచ్చేవాళ్లు నన్ను ఆపి, పాలు తెచ్చినవా అని అడగసాగారు. వారం తిరిగేసరికి టీ కొట్టు దగ్గర నా పేరు పాలపండ్ల రిపోర్టరు. మండలాఫీసులో అటెండరు కూడా ఆ పేరుతోనే నేనొచ్చినట్టు లోపలికి కబురు చెప్పిన రోజున నాకు భయమేసింది. ఇలాగైతే రేపు నేను రాసే వార్త ఎవరు నమ్ముతారు? ఆ పేరు పోవడానికి ఒక్కటే దారి కనిపించింది. నేనూ ఒక రోజు రోజా ఉంటాను, పొద్దుగూకేదాకా నిలిస్తే ఆ సంగతి నలుగురిలో మీరే చెప్పాలి అన్నాను చాచాతో. ఆయన నవ్వలేదు. "ఉండు. కాని అబద్ధం సాక్ష్యం మాత్రం నేను చెప్ప" అన్నాడు.

మర్నాడు తెల్లవారకముందే ఆయన భార్య చాచీ తలుపు కొట్టి రొట్టెలు, పప్పు, పెరుగన్నం పెట్టింది. అజాన్ వినపడగానే చాచా గ్లాసు కింద పెట్టాడు, నేనూ పెట్టాను. దాహానికైతే సిద్ధపడ్డాను గానీ, రోజు అంత పొడుగ్గా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. తిండీ టీలూ తీసేస్తే పగటిపూట మనిషికి ఇంత ఖాళీ ఉంటుందా అని ఆశ్చర్యపోయాను. మండలాఫీసులో టీ వద్దంటే, ఏదో ఘాటైన వార్త రాయబోతున్నానని ఆఫీసరు కంగారుపడ్డాడు. మధ్యాహ్నం చాచా పక్కన చేరి సందేహాలు విప్పాను. ఉమ్మి మింగవచ్చా, పళ్లు తోముకోవచ్చా, పక్కింటి పోపు వాసన పీలిస్తే ఏమవుతుంది, కలలో తింటే లెక్కా? పండగ బట్టల రద్దీలో కూడా ఆయన ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పాడు. నేను మాత్రం ఆయన చేతినే చూస్తున్నాను. మామూలు రోజుల్లో దారం కొనను నాలుకకు తగిలించి సూదిలోకి ఎక్కించే మనిషి, ఆ నెలంతా పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకుని వేలితో తడుపుతున్నాడు. నీళ్లు అంత దగ్గరగా ఉంటే తాగాలనిపించదా అని అడిగాను. "చూసేటోడు లేనప్పుడు గూడ తాగం బేటా. గదే రోజా" అన్నాడు. మరో ప్రశ్నకు నోరు తెరవబోతుంటే, ఇంతగానం మాట్లాడితే నోరెండుతది, పోయి పండుకో అని పంపేశాడు.

నిద్ర పట్టలేదు. ఎండ తగ్గాక, ఇఫ్తార్ షర్బత్‌లోకి చాచీ అరుగు మీద ముంజలు ఒలుస్తుంటే సాయం కూర్చున్నాను. మా ఊళ్లో ముంజలు ఒలిచే పద్ధతి ఒక్కటే, ఒకటి గిన్నెలోకి, ఒకటి నోట్లోకి. చేతులు ఆ పద్ధతిలోనే పోయాయి. అడవి అంచున ఎలుగుబంటి కనబడిన వార్త ఆమెకు వర్ణించి చెబుతున్నాను. ఆమె నన్నే చూస్తూ ఊ కొడుతోంది. ఎలుగుబంటి మీద ఆసక్తి అనుకున్నాను. అప్పుడే గేటు చప్పుడైంది, చాచా వచ్చాడు.

ముంజ జారిపోయాక ఏడుపు మొహంతో కూర్చున్న నా పక్కన చాచా చతికిలబడ్డాడు. మర్చిపోయి తిన్నదానికి రోజా పోదన్నాడు, అది అల్లా తినిపించిన తిండి అన్నాడు. నోరు పుక్కిలించుకుని మిగతా పొద్దు నిలబెట్టుకోమన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. అంతలో ఆయన చాచీ వైపు తిరిగాడు.

"నువ్వు చూసుకుంటనే ఉన్నవా? యాది చెయ్యొద్దా?"

"గట్టోడైతే యాది చెయ్యాలె, కమ్‌జోర్ మనిషైతే తిననియ్యాలె. మా అబ్బా గట్లనే చెప్పిండు."

"గింత గట్టి పోరడు కమ్‌జోరా?"

"మొఖం చూడుండ్రి. పొద్దటి సంది గోడ పట్టుకొని నడుస్తుండు."

ఇద్దరూ నన్ను ఎగాదిగా చూశారు. నేను నిటారుగా కూర్చోవాలో, గోడకు జారగిలబడాలో తేల్చుకోలేకపోయాను. గట్టివాణ్ణంటే చాచీది తప్పవుతుంది, బలహీనుణ్ణంటే ఊళ్లో నాకు ఇంకో పేరు పుడుతుంది.

పొద్దుగూకే వేళకు మసీదుకు వెళ్లాం. చాచా ముంజలతో సహా అంతా మౌల్వీ సాబ్‌కు చెప్పేశాడు. మర్చిపోయి తిన్నవి సరే, గుర్తుచేశాక జారిన ఆ ఆఖరి ముంజ మాటేమిటి, అసలు ఈ వెసులుబాటు నాబోటి హిందువుకు వర్తిస్తుందా అని నేను అడిగాను. ఆ కుర్ర మౌల్వీ, "గీ సవాల్ నన్ను ఎవ్వరు అడగలే. ఖమ్మంల పెద్ద మౌలానా ఉన్నరు, అడిగి చెప్త. అంతదాక ఇది తిను" అని అజాన్ కాగానే ఖర్జూరం చేతిలో పెట్టాడు. బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర జనం చాచా కోసమే చూస్తున్నారు. ఆయన తన సాక్ష్యం తాను చెప్పాడు. "పొద్దుగూకేదాక ఉన్నడు. నడుమల ఒక ముచ్చటైంది, దానికి ఖమ్మం నుంచి ఖబర్ రావాలె." పాలపండ్ల పేరు అక్కడితో ఆగింది. (ముంజల రిపోర్టరు అని కొందరు మొదలుపెట్టారు గానీ, అలా పిలిచినవాళ్లే నాకు వార్తలు కూడా చెప్పేవారు.)

ఇప్పుడు నేను ఖమ్మంలోనే డెస్కులో పనిచేస్తున్నాను. ఏటా కాస్త ముందుకు జరుగుతూ జరుగుతూ రంజాన్ చల్లటి రోజుల్లోకి వచ్చేసింది. నేనేమో తిన్న తర్వాత మాత్రలు వేసుకునే వయసుకు వచ్చాను. ప్రతి రంజాన్‌కూ చాచీ ఫోన్ చేసి తబియత్ ఎట్లుందని అడుగుతుంది. మోకాళ్ల నొప్పులని నేను చెప్పగానే, చూసిండ్రా అని చాచాతో గెలిచినట్టు అంటుంది. వెనక నుంచి ఆయన, అప్పట్ల గట్టిగనే ఉండె అని గొణుగుతాడు. మౌల్వీ సాబ్ ఆ ఖబర్ చెప్పకుండానే, పండగ కాగానే వేరే ఊరికి వెళ్లిపోయాడు. ఆ పెద్ద మౌలానా ఉండే వీధి మా ఆఫీసుకు దగ్గరే. దాటినప్పుడల్లా బండి నెమ్మదిస్తుంది గానీ, ఇంతవరకూ లోపలికి వెళ్లి అడిగింది లేదు.