రెండు పేజీల డోసు

ఇది చదివాక నా చేతి మందు ఎవరూ మింగరని తెలిసే చెబుతున్నాను. కరీంనగర్‌లో మందుల కోర్సు ఫార్మ్-డి చదువుతూ ఒక పెద్దాసుపత్రిలో శిక్షణకు వెళ్లే రోజులవి. రక్తంలో మందు ఎంతుందో చూసి డోసు లెక్కకట్టడం నేర్చుకున్న మొదటి నెలలోనే ఘోరం చేయబోయాను.

హుజూరాబాద్ నుంచి సుగుణమ్మ అనే పెద్దావిడ వచ్చింది. ఫిట్స్‌కి ఏళ్లుగా రోజుకు రెండు గోలీలు వాడుతోంది. అయినా వారం కిందట పొయ్యి పక్కనే పడిపోయింది. పరీక్ష చేస్తే రక్తంలో మందు ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ఇక నాకు పండగే! సూత్రాలు, భిన్నాలు, గ్రాఫులతో రెండు పేజీలు నింపేశాను.

"శానా రాస్తున్నవు బిడ్డా, నాకేమన్న ఎక్కువైందా?" అంది ఆమె.

"జర ఆగవ్వా, లెక్క తప్పుతది" అన్నాను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను మాత్రం ఒక్క మాటైనా అడగకుండానే కాగితం మీద డోసు పెంచేశాను.

డాక్టరు గారు రౌండ్స్‌కి వచ్చారు. పదిమంది జూనియర్ డాక్టర్ల ముందు గొంతు సవరించుకుని, శుభలేఖ చదివినట్టు చదివాను.

"లెక్క మంచిగుంది" అన్నారాయన. నేను రెండంగుళాలు పెరిగాను. ఆయన ఆమె వైపు తిరిగారు. "అవ్వా, రోజు రెండు గోలీలు ఏస్కుంటున్నవా?"

"పొద్దుగాలది ఎట్ల ఏస్కుంట సారూ? మా చర్చిల శ్రమల దినాల ఉపాసాలు నడుస్తున్నయి గదా! పొద్దుగూకేదాక మంచినీళ్లు గూడ ముట్ట."

డాక్టరు గారు నావైపు చూశారు. "ఇన్నవా? ఈస్టర్ కాంగనే రెండు పూటలా మింగుతది. దానిమీద నీ డోసు పడితె తాగినోళ్ల లెక్క తూలి, గీసారి పొయ్యిలనే పడుతది."

భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది. నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో తల ఎత్తలేను.

"గీ దినాలల్ల ఉపాసముంటరని నీకు తెల్వదా?"

"తెల్సు సార్."

"ఎట్ల తెల్సు?"

"నేను గూడ ఇయ్యాల ఉపాసమే సార్."

జూనియర్ల నవ్వు కింది అంతస్తు దాకా వినబడి ఉంటుంది. డాక్టరు గారు డోసు ముట్టుకోలేదు, రెండు గోలీలూ మాపటికే మార్చారు. రెండు పేజీల పని ఒక్క ప్రశ్నతో అయిపోయింది.

తప్పయిందని చెప్పడానికి ఆమె దగ్గరికి వెళ్లాను. సుగుణమ్మ నా తలమీద చెయ్యి పెట్టింది. "ఫికర్ చెయ్యకు బిడ్డా. నీకు లెక్కలు మంచిగ రావాలని ప్రార్థన చేస్త."

లెక్క సరిగ్గానే వచ్చిందవ్వా అని చెప్పడానికి నోరు రాలేదు. అందుకే సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను: ఎదుటి మనిషిని "మందు మింగినవా?" అని అడగనిదే, ఈ జన్మలో రెండు రెళ్లు నాలుగని కూడా తేల్చను.